తెల్ల రింగు, నల్ల రింగు

తొంభైల మొదట్లో ఒమన్‌లోని ఇబ్రి దగ్గర ఖర్జూర తోటల పంపులు బాగుచేసే కంపెనీలో ఫిట్టర్‌గా ఉన్నాను. ఆ ఎండాకాలం ఒక పంపు మమ్మల్ని వదల్లేదు. బావి అడుగంటినప్పుడు నీళ్లు లేకుండానే తిరిగి, లోపల నీళ్లు కారకుండా ఆపే సీలు బాగా వేడెక్కేది. మళ్లీ చల్లటి నీళ్లు తగలగానే సీలులోని తెల్ల రింగు టప్పుమని పగిలేది. పింగాణీలా ఉండే ఆ రింగు అల్యూమినాది. ఒక్క నెలలో మూడు పోయాయి.

ఇంజనీరు మస్కట్ నుంచి పికప్ బండిలో నల్ల రింగు పంపాడు. సిలికాన్ కార్బైడ్. రెండూ పోల్చి చూసి కాగితం మీద రాయమన్నాడు. అదే పికప్‌లో మా అన్న ఉత్తరం వచ్చింది. నేనింకా చూడని నా కూతురు, ఐదు నెలల పిల్ల, జ్వరమొచ్చి పోయిందట. అప్పటికే ఇరవై రోజులైంది.

ఉత్తరం జేబులో పెట్టుకుని రింగులు బయటికి తీశాను.

నాతో పనిచేసే కడప భాయ్, నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, "ఇంటికాడ్నించేనా తమ్ముడూ? ఏం రాసినారు?" అన్నాడు.

"అందరు మంచిగనే ఉన్నరట భాయ్."

ఒకే కొలతవైనా తెల్ల రింగే బరువు. ఆకురాయి రెండింటి మీదా జారిపోయింది. నల్లదాని అంచుతో గీస్తే మాత్రం తెల్లదాని మీద గీత పడింది. మరిగే నీళ్లలో రెండింటినీ సగం ముంచి, పై అంచులు చేత్తో పట్టుకున్నాను. నల్లది ముందు వేడెక్కింది.

"నల్లది వేడిని ఒక్క తాన నిలవనియ్యది. గందుకే జల్ది పల్గదు" అన్నాను.

"కింద పడితే?"

"రెండూ పల్గుతయి."

భాయ్ చటుక్కున నా చెయ్యి లాగాడు. "కాల్తాంది గదబ్బా! ఏమైంది నీకు?"

వేళ్లు ఎర్రగా కందిపోయాయి. నాకు తెలియనే లేదు. అప్పుడు ఉత్తరం సంగతి చెప్పాను. భాయ్ నన్ను నీడలో కూర్చోబెట్టి, నల్ల రింగు తానే బిగించాడు. పంపు కారలేదు. ఇంజనీరుకు పంపాల్సిన కాగితం నేనే రాశాను, అక్షరాలు గుండ్రంగా.

సెలవు నాలుగు నెలలకు దొరికింది. ఇల్లు చేరిన రోజు నా భార్య అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఇద్దరికీ ఏడుపు రాలేదు.

"ఎవరి పోలిక?" అని అడిగాను.

"నీ పోలికనే" అని, మళ్లీ కూర వడ్డించింది.