జేబులేని చుడీదారు, మూడు ఫ్యూజులు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు రాజమండ్రిలో మా ఇంటికి వచ్చి, వచ్చీ రాగానే యూనిఫారం తీసి వాషింగ్ మెషీన్లో పడేసింది. కాసేపటికి లోపల ఏదో టకటకా కొట్టుకుంటుంటే ఆపి చూశాను. ప్యాంటు జేబులో ఎర్రటి తాళంకప్ప, దానికే వేలాడుతూ తాళంచెవి. కప్ప మీద పిల్ల పేరూ ఫొటోనూ. అది యానాం వైపు ఒక ఫ్యాక్టరీలో మోటార్లూ, వాటిని నడిపే ప్యానెళ్ళూ చూసుకునే ఇంజనీరుగా చేరి నాలుగు నెలలయింది. "మోటారు మీద పనిచేసేటప్పుడు స్విచ్చికి ఈ తాళం వేసి, చెవి నా జేబులో పెట్టుకోవాలి పెద్దమ్మా. నేను తీస్తే తప్ప ఇంకెవరూ మోటారు వెయ్యలేరు" అని నాకు విడమరిచి చెప్పింది. ముప్పై ఏళ్ళు ఆ మోటార్లతోనే కాపురం చేశాను నేను. పిల్లల లెక్కలో పెద్దవాళ్ళ ఉద్యోగాలు పెన్షన్ దగ్గరే మొదలవుతాయి కాబోలు. నవ్వుకున్నాను, ఆ నవ్వు వెనకే నా మొదటి ఉద్యోగంలోని మేస్త్రీగారు గుర్తొచ్చారు.

నా మొదటి ఉద్యోగం గోదావరి ఒడ్డున ఒక ఎత్తిపోతల పంపుహౌసులో. నదిలో నీళ్ళు తోడి పైనున్న మెట్ట ఊళ్ళకి పంపడం దాని పని. కింద లోతైన బావిలో పంపు, పైన గదిలో మోటారు, రెండిటికీ మధ్య పొడుగాటి షాఫ్టు. కాగితాల మీద ఇంజనీరుని నేనే గానీ, మోటారు వినేది మేస్త్రీగారి మాటే. ఆయన రోజూ పొద్దున్నే మోటారు ఒంటిమీద చెయ్యి తిరగేసి ఆనించి, చంటిపిల్లని చూసినట్టు చూసి, జ్వరం లేదండి అనేవారు. నేను థర్మామీటరు పెట్టి చూస్తే నిజంగానే ఉండేది కాదు. ఆ గదిలో వేడి వార్నిషు వాసనా, కింద నుంచి వచ్చే ఒండ్రు వాసనా కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ వానకి ముందు నాకు మట్టివాసన ఒక్కటే వస్తే ఏదో తక్కువైనట్టుంటుంది.

మేస్త్రీగారిది ఒకటే నియమం. బావిలోకి దిగేవాళ్ళు ప్యానెల్లోంచి మూడు పింగాణీ ఫ్యూజులూ ఊడబెరికి తమ జేబులో వేసుకుని దిగాలి. పైకొచ్చాక తమ చేత్తోనే పెట్టాలి. బీరువాలో కొత్త ఫ్యూజులు ఎన్ని ఉన్నా ఆ ఖాళీలో వేరేవాళ్ళు పెట్టకూడదు. బరువైన ఫ్యూజులు కావడంతో జేబులో ఉంటే తొడకి తగులుతూ గుర్తుచేస్తూనే ఉంటాయి. చిక్కల్లా నా చుడీదారుకి జేబు లేకపోవడమే. నేను వాటిని హ్యాండ్‌బ్యాగులో క్యారేజీ పక్కన పెట్టుకునేదాన్ని.

నారుమళ్ళు పోసిన రోజులు. రెండో మోటారు వైండింగు కాలి రిపేరుకి బయటికి వెళ్ళింది. ఉన్న ఒక్క మోటారూ ఆపి, బావిలోకి దిగి బేరింగు చూసుకుని పైకొచ్చేసరికి ఒంటిగంట బస్సు హారను కొడుతోంది. అది తప్పితే మళ్ళీ తెల్లారాకే. మేస్త్రీగారు అవతల అన్నం తింటున్నారు. పరుగెత్తి బస్సెక్కేశాను. సాయంత్రం ఇంట్లో క్యారేజీ కడగబోతే బ్యాగులో మూడు ఫ్యూజులూ తెల్లగా కనిపించాయి. పంపుహౌసుకి ఫోను లేదు.

మర్నాడు మొదటి బస్సు దిగేసరికి పంపుహౌసు ముందు రైతులు గుంపుగా ఉన్నారు. మేస్త్రీగారు ప్యానెల్ ఎదుట స్టూలు వేసుకుని కూర్చున్నారు. నాకోసం బావిలో రెండుసార్లు వెతికించారట. బీరువా తీసి కొత్తవి పెట్టమని రైతులు బతిమాలారట, తిట్టారట. ఆయన కదల్లేదు. నన్ను ఎగాదిగా చూసి, ఫ్యూజులు నాచేతే పెట్టించి, మోటారు వేశారు. నేను బావిలో లేనని తెలిశాక కూడా ఎందుకు ఆగారని అడిగాను.

"కనపడలేదంతే కదండి. లేరని నాకెవరు చెప్పారండి?" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "నారు పోతే మళ్ళీ పోసుకుంటారండి అమ్మాయిగారూ" అన్నారు.

నారు కొంత ఎర్రబడింది గానీ బతికింది. పైఅధికారి జీపులో వచ్చి, ఎవరు ఆపారని అడిగారు. నేనే ఆపానండి అన్నారు మేస్త్రీగారు. కొత్త ఫ్యూజులు ఎందుకు పెట్టలేదంటే, పెట్టబుద్ధి కాలేదండి అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నా ప్రొబేషను ఇంకా రెండు నెలలుంది. ఆడపిల్లకి మోటార్లెందుకన్న వాళ్ళందరూ నా తప్పు కోసమే కాచుకుని ఉన్నారు. నోరు విప్పలేదు. సిగ్గుతో చెబుతున్నాను, ఆ పూట నాకు భయమే ఎక్కువైంది. ఆయన సర్వీసులో మొదటి మెమో అది.

ఆ ఏడే ఆయన రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఎవరికైనా 'మచ్చలేని సర్వీసు' అనడం మా ఆఫీసు ఆనవాయితీ. అధికారి ఆ మాట దాకా వచ్చి, ఆగి, 'సుదీర్ఘమైన సర్వీసు' అని సరిపెట్టారు. మేస్త్రీగారు దండ సర్దుకుని నావైపు చూసి నవ్వారు. ఆ నవ్వులో నిష్ఠూరం ఉండుంటే నాకు కొంత సుఖంగా ఉండేది. మర్నాడే మా వీధి టైలరు దగ్గరికెళ్ళి చుడీదార్లన్నిటికీ జేబులు కుట్టించాను. ఆడవాళ్ళ బట్టలకి జేబులేంటండీ అని అతను ఆశ్చర్యపోయాడు.

ఇదంతా చెబుతుంటే పిల్ల తడి తాళంకప్ప తుడుస్తూ విన్నది. "మరి ఆఫీసులో తర్వాతైనా చెప్పావా పెద్దమ్మా?" అంది.

చెప్పలేదు. ప్రొబేషను అయ్యాక అనుకున్నాను, ప్రమోషను వచ్చాక అనుకున్నాను, ఈలోగా కోనసీమలో వాళ్ళ ఊరి నుంచి ఆయన పోయారన్న కబురొచ్చింది. నేను బతికున్నానో లేదో తెలియక ఆయన తెల్లారేదాకా మోటారు ఆపి కూర్చున్నారు. ఆయన కోసం నోరు విప్పడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.