మేడం అడిగిన బల్లలు

ఎండాకాలం మొదలవుతుండగానే మా హుస్సేనీ ఆలం సందుల్లో కూలర్లకు కొత్త గడ్డి కడతారు. నీళ్లు పడగానే వీధంతా తడి గడ్డి వాసన. మొన్న ఆ వాసన తగిలి, నడుస్తున్నవాణ్ని ఉన్నచోటే ఆగిపోయాను. ప్రేమలత మేడం ఆఫీసు గదిలో ఎప్పుడూ ఇదే వాసన. ఆమె పోయి ఏడాది దాటింది.

మేడం మా పాతబస్తీలోని పెద్ద మ్యూజియంలో చిత్రాల విభాగం చూసేవారు. గౌలిపురలో పాలు పోసే ఇంటి ఆడబిడ్డ. ఎంత పెద్దవాళ్ల ముందైనా అనాలనుకున్నది అనేసేవారు. దేశం నలుమూలల నుంచి జనం వచ్చే ఆ మ్యూజియాన్ని సమూలంగా కొత్తగా తీర్చిదిద్దాలని సర్కారు తలపెట్టినప్పుడు, గదుల ప్లాన్లు, మా మాటలో నక్షాలు, గీసే పనిలో నన్ను చేర్చుకున్నారు. మొదటిరోజే టేపు పట్టుకుని కొలతలకు బయల్దేరితే మేడం దాన్ని లాక్కున్నారు. "గోడలు యాడికి పోతయ్? పోయి ఆ బల్ల మీద కూసో. వచ్చేటోళ్లను చూడు. పొద్దుమూకే దాంక లెవ్వకు" అన్నారు. ఇదెక్కడి ఉద్యోగంరా దేవుడా అనుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ధూల్‌పేట్ నుంచి ఒక ముసలామె కోడలితో వచ్చి నా పక్కన కూలబడింది. ఎదురుగా గోడకు ఒక అమ్మాయి చిత్రం. "ఈ బొమ్మంటే ఇష్టమా పెద్దమ్మా?" అని అడిగాను. "బొమ్మ సంగతి తర్వాత బిడ్డా. ఈడ కూసుంటే ఎవ్వరూ లెవ్వమనరు" అంది. ఆయాసం తీరాక తల ఎత్తి చూసి, "ఆ పిల్ల ఇప్పుడే ఏడ్సి మొఖం కడుక్కున్నట్టున్నది కదనే" అంది కోడలితో. ఇక అత్తాకోడళ్లిద్దరూ ఆ పిల్ల ఎందుకేడ్చిందో తేల్చే పనిలో పడ్డారు. సాయంత్రం ఈ మాట చెబితే మేడం ముఖం వెలిగిపోయింది. "చూసినవా? ముందు బల్లలు ఏడేడ వేస్తవో గియ్యి. మిగిలింది తర్వాత" అన్నారు. అలాగే గీశాను.

ఆ బల్లల కోసమే మేడం నక్షాలు ఖాయం చేసే కమిటీతో పోట్లాడారు. ఢిల్లీ నుంచి వచ్చిన సలహాదారుకు అవి నచ్చలేదు. జనం కూర్చుని నిద్రపోతారు, వెనకవాళ్లు ముందుకు కదలలేరు అన్నాడాయన. "పండనియ్యుండ్రి సార్. పొద్దంత నిలబడి పని చేసేటోళ్లు వస్తరీడికి. గింత సేపు నడుం వాలిస్తే ఏం పోయింది?" అన్నారు మేడం. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె రిటైరైన కొద్ది నెలలకు తుది నక్షా వచ్చింది. గదుల్లో ఒక్క బల్ల కూడా లేదు. కూర్చోవాలంటే కింద కాఫీ హోటల్లో ఏదైనా కొనుక్కోవాలి. ఆమె ఇంటికి తీసుకెళ్లి చూపిస్తే, "పోనీలే, లైట్లన్న మంచియి పెడుతున్నరు" అన్నారు. తిడతారనుకున్నాను. తిట్టకపోయేసరికి నాకు భయమేసింది.

మ్యూజియం మళ్లీ తెరిచాక నేనే మేడంను ఆటోలో తీసుకెళ్లాను. అప్పటికే ఆమె మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. అబద్ధమెందుకు, మ్యూజియం అద్దంలా ఉంది. బొమ్మల్లో రంగులు అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు. రెండో గదిలోనే మేడం ఆగిపోయి గోడకు చెయ్యి ఆనించారు. కాపలా అతను కొత్తవాడు, ఆమె ఎవరో అతనికెలా తెలుస్తుంది? "అమ్మా, గోడ ముట్టొద్దు" అన్నాడు మర్యాదగానే. ఆమె చటుక్కున చెయ్యి తీసేశారు. నేనేదో అనబోతే నా మోచెయ్యి పట్టుకుని, "లొల్లి చెయ్యకు. ఆయన డ్యూటీ ఆయన చేస్తుండు. ఇగ పోదాం పా" అన్నారు. ఉద్యోగం పొడుగునా ఆమె కంటికి రెప్పలా చూసుకున్న చిత్రాలు ఆ పక్క గదుల్లోనే ఉన్నాయి. వాటిని చూడకుండానే బయటికొచ్చేశాం. ఆ చలికాలంలోనే ఆమె పోయారు.

ఇప్పుడు వేరే ఊళ్ల మ్యూజియాలకు నక్షాలు గీస్తున్నాను. కాగితం మీద మొదట బల్ల గీస్తాను. అక్కడి ఆఫీసర్లు కొట్టేస్తారు, నేను మళ్లీ గీస్తాను. పోయిన వారం ఒక పెద్ద ఆఫీసరు విసుక్కున్నాడు.

"ఇన్ని బల్లలు ఎవరి కోసమయ్యా?"

"మా మేడం కోసం సార్."

"ఆమె వస్తారా ఇక్కడికి?"

"రారు సార్. వచ్చిననాడు కూసుందామంటే మేం బల్ల వెయ్యలే."