దాదా ఇల్లు మారినాడనుకున్నాను

మొన్న బెంగాల్లో సాలువా ఊరు దాటాక మడుగులో గుర్రపుడెక్క కుళ్ళిన వాసన తగిలి, దాదా గుర్తొచ్చినాడు.

సిన్నప్పుడు ఆదివారాలు నాన్న నన్ను అక్కడికి పిట్టల్ని సూడ్డానికి తీసుకెళ్లేవోడు. సేపలు పట్టే బెంగాలీ ఆయన్ని దాదా, అంటే అన్న, అనేవోళ్ళం; ఆయన మాకు ఈలేసే బాతుల్ని సూపించేవోడు. నేనూ ఈలేస్తే, "ఇదేటి, మా ఇంట్లో బాతు పుట్టింది" అనేవోడు నాన్న.

ఓ ఆదివారం దాదా భార్య, బౌది, ఒక్కర్తే వల సర్దుతంది. "దాదా మారా గ్యాఛే" అంది. నాకప్పుడు బెంగాలీ రాదు. 'మారా' అని వినపడితే, మేం క్వార్టర్ మారినట్టే ఆయనా ఇల్లు మారినాడనుకున్నాను.

"బాతులొచ్చినాయని దాదాకి సెప్తావా బౌదీ?" అని హిందీలో అడిగినాను. నాన్న నా సెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఠీక్ హై, సెప్తాను" అంది బౌది, తలెత్తకుండా.

'మారా గ్యాఛే' అంటే సచ్చిపోయినాడని అర్థమని పెద్దయ్యాక తెలిసింది. ఆవిడ నా తప్పు దిద్దనేదు. దాదా ఉన్నాడనుకునే మనిషి ఒక్కర్తయినా మిగలాలనుకుందేమో.