తోడొచ్చిన అన్నయ్య

నేను జాంబియా వెళ్తానన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ అది ఎక్కడుందని అడగలేదు. "తోడెవరు?" అని అడిగారు. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. విజయవాడలో పాతికేళ్లుగా చేనేత చీరల కొట్టు నడుపుతున్నాను. మగ్గాల వాళ్లతో, హోల్‌సేల్ షావుకార్లతో గొంతు చించుకుని నెగ్గుకొచ్చినదాన్ని. అక్కడి తెలుగు కుటుంబాలు ఎగ్జిబిషన్ పెట్టుకుంటూ మా చీరలు తెమ్మని పిలిస్తే, మూడు వారాలు వెళ్లి రావడానికి నాకొక మగతోడు కావాలట! మా ఆయన కొట్టు వదిలి కదల్లేరు. చివరికి కంకిపాడులో బట్టల కొట్టున్న మా అన్నయ్యను పంపాలని పెద్దలు తేల్చారు. నాకంటే పదేళ్లు పెద్ద. పాస్‌పోర్టుంది, తీరికుంది, మీసముంది. ఇంకేం కావాలి?

నేను బందరు దాకా వెళ్లినా ఏం పట్టుకెళ్లాలో కాగితం మీద రాసుకునే మనిషిని. ఈసారి నోటు పుస్తకమే పెట్టాను. పాస్‌పోర్టు జిరాక్సులు రెండు సంచుల్లో, ఇంకోటి మా ఆయన దగ్గర. బంగారం మొత్తం బ్యాంకు లాకర్లో పెట్టి, మెడలో పసుపుతాడు, చేతులకు మట్టిగాజులు మిగుల్చుకున్నాను. చీకటి పడ్డాక నడిచి ఎక్కడికీ వెళ్లకూడదు, మనల్ని పిలిచినవాళ్లు కుదిర్చిన కారే ఎక్కాలి, వీధిలో ఫోను బయటికి తీయకూడదు. ఇవన్నీ అన్నయ్యకు ఫోన్లో చదివి వినిపిస్తే, "ఏమే, మనం ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నామా, యుద్ధానికి వెళ్తున్నామా?" అన్నాడు.

విదేశాలకు వెళ్లేవాళ్లకు టీకాలు వేసే డాక్టరమ్మ దగ్గరికి అన్నయ్యను నేనే లాక్కెళ్లాను. ఆవిడ టీకాలు వేసి, మలేరియా రాకుండా మాత్రలు రాసిచ్చారు. "అక్కడున్నన్నాళ్లూ రోజుకొకటండీ. తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు ఆపొద్దు. వచ్చాక ఎప్పుడు జ్వరం తగిలినా మామూలు జ్వరమని ఊరుకోకండి, ఆ రోజే రక్తం చూపించండి. ఒకసారి ఏమీ లేదన్నా మళ్లీ చూపించండి" అని చెప్పారు. నేను పొల్లుపోకుండా రాసుకున్నాను. అన్నయ్య నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. మెట్లు దిగుతూ, "బందరు కాలవ గట్టున పుట్టినోళ్లకి దోమల గురించి ఈవిడ చెప్పాలా? బెజవాడ దోమల్ని తట్టుకున్నోణ్ణి. ఆ దోమే నన్ను కుట్టి చావాలి" అన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని నేనన్నాను. నవ్వేశాడు.

జాంబియా రాజధాని లుసాకాలో అంతా నా పుస్తకం ప్రకారమే జరిగింది. చీరలు బాగా పోయాయి. దొంగ అన్నవాడు మా కంటపడలేదు. చల్లగాలికని అన్నయ్య లుంగీ కట్టుకుని వరండాలో కూర్చుంటే, దోమలు కుడతాయి, ప్యాంటు వేసుకుని లోపలికి రమ్మని కేకలేసేదాన్ని. మేం దిగిన ఇంట్లో రోజూ రాత్రి భోజనాలకు పదిమంది చేరేవారు. చెయ్యి కడుక్కోవడానికి లేవబోయే ముందు అన్నయ్య అరచేతిలో మాత్ర పెట్టి, "ముందు ఇది మింగు, కబుర్లు తర్వాత" అనేదాన్ని. "మా అన్నయ్య చంటిపిల్లాడండీ, చెప్పకపోతే వేసుకోడు" అని కూడా అనేదాన్ని. అందరూ నవ్వేవారు. అన్నయ్యా నవ్వేవాడు. మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగి లేచేవాడు. నేను పుస్తకంలో టిక్కు పెట్టుకునేదాన్ని.

గన్నవరంలో విమానం దిగాక, మిగిలిన నాలుగు వారాల మాత్రలూ చేతిలో పెట్టి, జాగ్రత్తలు మళ్లీ ఒకసారి చెప్పి, కంకిపాడు కారెక్కించాను. ఇక నా బాధ్యత తీరిందనుకుని హాయిగా నిద్రపోయాను.

పదకొండో రోజు పొద్దున వదిన ఫోన్ చేసింది. ఎవరిదో పెళ్లి సంగతి చెబుతూ మధ్యలో, "మీ అన్నయ్యకి మూడ్రోజుల్నుంచి జొరం అమ్మాయ్. ఆర్‌ఎంపీ గారు వైరల్ అన్నారు. సెలైన్ ఎక్కిస్తన్నాం, తగ్గుద్దిలే" అంది. నేను మాట పూర్తి కానివ్వలేదు. కొట్టు మా ఆయనకు వదిలేసి కారు మాట్లాడుకుని వెళ్లాను. అన్నయ్య రెండు దుప్పట్ల కింద వణుకుతున్నాడు.

"ఊళ్లో అందరికీ ఇదే జొరం వచ్చిందే. నన్ను కదల్చబాక" అన్నాడు.

"ఊళ్లో అందరూ జాంబియా వెళ్లొచ్చారా?" అన్నాను.

వదిన అడ్డుపడింది, ఆర్‌ఎంపీ గారు నొచ్చుకుంటారని. నొచ్చుకోనీ అన్నాను. అన్నయ్యను వెనక సీట్లో పడుకోబెట్టుకుని విజయవాడ ఆసుపత్రికి తెచ్చాం. అక్కడి కుర్ర డాక్టరు గారు డెంగ్యూ, టైఫాయిడ్ అని రాయడం మొదలుపెట్టగానే రెండు పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టాను. "అవన్నీ చూడండి, వద్దనను. ముందు మలేరియా చూడండి. మేం ఆఫ్రికా నుంచి వచ్చి పదకొండు రోజులే అయ్యిందండీ."

చూశారు. లేదన్నారు.

వదిన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. అప్పటికి సాయంత్రమైంది. "వైరల్ ఫీవరేనమ్మా, అబ్జర్వేషన్‌లో పెడదాం" అన్నారు డాక్టరు గారు. మర్నాటికి అన్నయ్య నన్ను పోల్చుకోలేదు. ఎవరో బేరానికి వచ్చారనుకుని, మీటరు ఇంతకంటే తగ్గదని గొణిగాడు. అప్పుడు నాకు భయమేసింది. తోడు రమ్మని నేనడగకపోయినా, నా పని మీదే కదా వచ్చాడు! ఏదైనా జరిగితే వదిన మొహం ఎలా చూడను? ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఏడుస్తూ కూర్చుంటే రక్తం ఎవరు చూస్తారు?

పుస్తకం తీసుకుని డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లాను. "ఒకసారి లేదంటే లేనట్టు కాదని మాకు ముందే చెప్పారండీ. మళ్లీ చూడండి."

"నిన్నేగా చూశామమ్మా."

"ఇవాళ కూడా చూడండి. లేదంటే రేపూ అడుగుతాను. మీరు విసుక్కోండి, నేనేమీ అనుకోను."

నన్ను వదిలించుకోవడానికే రాశారనుకుంటాను. ల్యాబ్ ముందు బెంచీ మీద కూర్చున్నాను. వదిన కాఫీ తెచ్చిస్తే వద్దన్నాను. మధ్యాహ్నం దాటాక, మైక్రోస్కోపు దగ్గరున్న పెద్దావిడ తనే లేచి బయటికొచ్చారు. కాగితం నాకివ్వకుండా డాక్టరు గారి గదికి గబగబా నడిచారు. ఆ నడక చూడగానే నాకు అర్థమైంది. మలేరియానే, అందులోనూ మెదడుకు ఎక్కే రకం. పావుగంటలో అన్నయ్యను ఐసీయూలోకి మార్చి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

మూడో రోజు గదిలోకి తెచ్చారు. మనిషి సగమైపోయాడు కానీ నన్ను పోల్చుకుంటున్నాడు. వదిన ఇంటికి వెళ్లింది. నా నోరు ఊరుకోదు కదా! "నేనిచ్చిన మాత్రలు ఇంటికొచ్చాక ఆపేశావు కదూ?" అన్నాను.

అన్నయ్య దుప్పటి అంచు నలిపాడు. "అక్కడా మింగలేదే" అన్నాడు. "నాలిక్కింద పెట్టుకుని, చెయ్యి కడుక్కునేటప్పుడు ఊసేసేవాణ్ణి."

పుస్తకంలో అన్ని టిక్కులు పెట్టుకున్నాను!

"ఎందుకన్నయ్యా?"

"నీకు తోడొచ్చానని వాళ్లందరికీ చెప్పుకుంటన్నాను. నువ్వేమో పదిమందిలో చంటిపిల్లాడంటివి. ఎట్టా మింగుతానే?"

ముందు ఒళ్లు మండింది. ప్రాణం మీదికి తెచ్చుకునేంత పౌరుషమా అని అరవబోయాను. ఆ భోజనాల బల్ల, ఆ పదిమంది నవ్వులు గుర్తొచ్చి ఆగిపోయాను. తోడుగా పంపారన్న ఉక్రోషమంతా నేను రోజూ ఆ బల్ల దగ్గరే తీర్చుకున్నాను. అది నాకు అక్కడున్నప్పుడే తెలుసు. తెలిసీ మానలేదు. సిగ్గేసింది.

ఇంతలో నర్సు వచ్చి, అన్నం తిన్న పళ్లెం పక్కన మాత్రలు పెట్టి, "వేయించండమ్మా" అని వెళ్లిపోయింది. నా చెయ్యి అలవాటు కొద్దీ ముందుకెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. మాత్రలు, నీళ్ల గ్లాసు అన్నయ్యకు అందేలా జరిపి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఆ డాక్టరు గారితో పోట్లాడటానికి ఎంత పట్టుదల కావలసి వచ్చిందో, వెనక్కి తిరిగి చూడకుండా ఉండటానికీ అంతే కావలసి వచ్చింది. మింగాడో, మళ్లీ నాలిక్కింద దాచాడో తెలియదు. అయినా తిరగలేదు.

"ఏమే" అని పిలిచాడు. "ఇటు చూడు."

తిరిగాను. అరవై రెండేళ్ల మా అన్నయ్య నోరు బార్లా తెరిచి, నాలిక పైకెత్తి చూపిస్తున్నాడు.