మెట్ల మీద చెప్పిన ముగింపు

ఈ మాట ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మా అక్కకు చెప్పలేదు. ఆదివారం మోకరిల్లినప్పుడు దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు. "నా పాపాలన్నీ" అని మూటగట్టి అప్పజెప్పి లేచి వచ్చేదాన్ని. మూటలో దాచడం నాకు బాగా వచ్చు. మీకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు గనక. రేపు బజార్లో ఎదురుపడినా నా మొహం చూసి తల తిప్పుకునే అవకాశం మీకు లేదు. దీన్ని ధైర్యం అనాలా, ఇంకో రకం పిరికితనం అనాలా? నాకు తెలియదు.

ఒక తల్లికి అబద్ధం చెప్పాను. ఒక సినిమా ముగింపు గురించి. నవ్వకండి, పూర్తిగా వినండి.

చార్మినార్‌కు నడిచి పోయేంత దూరంలో ఒక సినిమా హాలు ఉండేది. అందులో పైన ఆడవాళ్ళకు జనానా. దాని ముందు బరువైన పరదా. హాల్లో దీపాలు ఆరిపోయాక ఆయా పరదా పక్కకు లాగేది, అప్పుడు మా వాళ్ళకు తెర కనబడేది. ఇంగ్లీషు బొమ్మలు ఎవరికీ అర్థం కావు కదా, అందుకు నన్ను పెట్టుకున్నారు. మా నాన్న రైల్వేలో గుమాస్తా, నేను మిషన్ బడిలో చదువుకున్నదాన్ని. జనానా వెనక నిలబడి సగం తెలుగులో సగం దక్నీ ఉర్దూలో కథ చెప్పేదాన్ని. కింద కూర్చున్న మగవాళ్ళు అప్పుడప్పుడు లొల్లి ఆపమని అరిచేవారు. నేను ఆపేదాన్ని కాదు. మస్తు పొగరు నాకు.

ఆ జనానాకు ఒక పద్ధతి ఉండేది, నా తప్పంతా దాని చుట్టూ తిరుగుతుంది. బొమ్మ అయిపోయి దీపాలు వెలిగేసరికి ఆడవాళ్ళు ఒక్కరు కూడా లోపల ఉండకూడదు. అందుకని ఆఖరి ఘట్టం మొదలవగానే ఆయా పరదా మూసేసేది. మగవాళ్ళు లేచేలోగా వీళ్ళు వెనక మెట్లు దిగి జట్కాలలో కూర్చునేవారు. అంటే మా వాళ్ళు ఏ సినిమా ముగింపూ కళ్ళతో చూసి ఎరగరు. పొద్దున రీలు వేసి చూసుకునేటప్పుడు మేనేజరు నన్ను పిలిచేవాడు, నేను ఒక్కదాన్నే చివరి దాకా చూసేదాన్ని. ఆ ముగింపు మెట్లమీద నేనే చెప్పాలి. ఆ ఇరుకు మెట్లమీద, బురఖాలు సర్దుకుంటూ, పిల్లలను చంకన వేసుకుంటూ, అందరూ నా నోటి వంక చూసేవారు.

మొదట్లో ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఒకసారి ఏదో బొమ్మలో నాయిక చచ్చిపోయిందని చెబితే మెట్లమీదే ఏడ్పులు మొదలయ్యాయి, పిల్లలు జడుసుకున్నారు, మేనేజరు వచ్చి నన్ను కోప్పడ్డాడు. అప్పటినుంచి చచ్చినవాళ్ళను బతికించడం మొదలుపెట్టాను. ఓడ మునిగితే తేల్చాను. విడిపోయిన జంటలకు నిఖా చేయించాను. వాళ్ళు నా నెత్తిమీద చేయిపెట్టి దీవించి పోయేవారు. మేనేజరు మాట వినే చేశానని ఇన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆ దీవెనలు నాకు బాగుండేవి.

మహబూబ్ బీ అలా దీవించేవాళ్ళలో ఒకరు. నేను పిన్ని వరసన ఖాలా అని పిలిచేదాన్ని. భర్త పోయాడు, ఇంట్లోనే కూర్చుని ఒక దుకాణానికి ముత్యాలు గుచ్చి ఇచ్చేది. ఒక్కడే కొడుకు, యూసుఫ్. అప్పటికి తెల్లదొరల పెద్ద లడాయి మొదలైంది. ఫౌజుకు మనుషులను తీసుకుంటున్నారని ఊరంతా అనుకుంటున్నారు. యూసుఫ్ పోతానని పట్టుబట్టాడు. కానీ తల్లి ఇమామ్ జామిన్ కట్టకుండా గడప దాటనన్నాడు. దూరం పోయేవాళ్ళ కుడిచేతికి చిన్న గుడ్డలో నాణెం చుట్టి కడతారు, క్షేమంగా తిరిగివచ్చాక విప్పి దానం చేస్తారు. ఖాలా కట్టనంది. రోజూ ఇంట్లో ఇదే గొడవ. జనానాలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి, నాకు తెలుసు.

ఆ వారమే గ్రీకుల యుద్ధం బొమ్మ వచ్చింది.

థర్మోపిలే అని ఒక ఇరుకు కనుమ. ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం. లెక్కలేనంత పారశీక సేన వస్తుంటే మూడు వందలమంది గ్రీకులు అడ్డం నిలబడ్డ కథ. బొమ్మలో ఆ మూడు వందలమంది నిగనిగలాడే ఒంటితో, భుజాన దుప్పటి వేసుకుని, నవ్వుతూ పోరాడారు. ఒక్కొక్కడు విడిగా దూకి పదిమందిని పడగొట్టాడు. దెబ్బ తగిలినవాడు చేయి గుండెమీద పెట్టుకుని అందంగా ఒరిగిపోయాడు. వెనక బాజా. ఎవడి నోటా అమ్మా అన్న మాట రాలేదు.

అది అలా జరగలేదని నాకు తెలుసు. బడిలో గ్రీకుల చరిత్ర మొత్తం చదివాను, బహుమతి కూడా తెచ్చుకున్నాను. వాళ్ళు ఒక్కొక్కరుగా దూకేవాళ్ళు కాదు. కంచు కవచాల బరువుతో, భుజానికి భుజం ఆనించి నిలబడేవాళ్ళు. ఒకడి డాలు పక్కవాడి ఒంటిని కాపాడేది. ఎండలో, దుమ్ములో, చెమటలో ఒకరినొకరు తోసుకోవడమే యుద్ధం. ఆ కనుమలో మూడు వందలమందే లేరు కూడా. ఇంకో ఊరివాళ్ళు, వందలమంది, చివరిరోజు దాకా పక్కనే నిలబడి చచ్చిపోయారు. బొమ్మలో వాళ్ళ ఊసే లేదు. సినిమా తీసినవాళ్ళు వాళ్ళను మింగేశారని ఆ పొద్దున రీలు చూస్తూ నాలో నేను విసుక్కున్నాను. ఎంత నీతిమంతురాలినో చూడండి.

ఆ సాయంత్రం పరదా వెనక నిలబడి కథ చెబుతూ నేను ఏం చేశాను? తెరమీద ఉన్నదానికి ఇంకొంచెం కలిపాను. వాళ్ళ తల్లులు నవ్వుతూ సాగనంపారన్నాను. ఈటె తగిలినా నొప్పి తెలియదన్నాను. జనానా అంతా ఊపిరి బిగబట్టి వింటోంది. ఆఖరి రోజు తెల్లవారింది, రాజు కత్తి ఎత్తాడు, అంతలో ఆయా పరదా మూసేసింది.

మెట్లమీద ఖాలా నా చేయి పట్టుకుంది. మిగతావాళ్ళను ముందుకు పోనిచ్చింది.

"బిడ్డా, ఆఖర్ల ఏమైంది? గా పోరగాండ్లు ఇంటికొచ్చిన్రా?"

"అందరు వచ్చిన్రు ఖాలా."

ఆమె చేయి వదలలేదు. "సినిమాలనా, నిజంగనా?"

ఇక్కడ నేను ఆగిపోగలిగేదాన్ని. సినిమాలనే ఖాలా, నిజం వేరే ఉన్నది అనగలిగేదాన్ని. అంతకంటే వివరం కూడా అక్కర్లేదు. ఆమె ఏం అడుగుతోందో నాకు తెలియకపోలేదు. ఆమె గ్రీకుల గురించి అడగలేదు. గ్రీకులు ఎవరో ఆమెకేం పని?

"నిజంగనే," అన్నాను. "నేను పుస్తకంల చదివిన."

"చదివిన పిల్లవు. నువ్వు చెప్తే ఇగ నాకు ఫికర్ లేదు."

నా నెత్తిమీద చేయి పెట్టింది. నేను తల వంచి ఆ దీవెన తీసుకున్నాను. ఎందుకన్నాను ఆ మాట? ఎవరూ నన్ను బెదిరించలేదు. ఆ క్షణంలో ఆమె మొహం తేటపడటం చూడాలనిపించింది, అది నావల్ల తేటపడాలనిపించింది. ఇంతకంటే గొప్ప కారణం వెతికాను, దొరకలేదు.

మర్నాడు ఆమె యూసుఫ్ చేతికి ఇమామ్ జామిన్ కట్టింది. గల్లీవాళ్ళందరికీ మిఠాయి పంచింది, మా ఇంటికీ పంపింది. నేను తిన్నాను.

యూసుఫ్ ఎక్కడో ఎడారిలో పోయాడు. ఇంటికి కబురే వచ్చింది. నేను పరామర్శకు పోయినప్పుడు ఖాలా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకుని, ఎంతోమంది తల్లులు నవ్వుతూ సాగనంపితే అందరి పిల్లలూ తిరిగివచ్చారు కదా బిడ్డా, నావాడు ఒక్కడే రాలేదంటే నేనే సరిగ్గా కట్టలేదు, ముడి వేసేటప్పుడు నా చేయి వణికింది, అంది. అప్పుడు నాకు అర్థమైంది. నా మాట ఆమె కొడుకును పంపడంతో ఆగలేదు. వాడు పోయిన పాపం కూడా ఆమె నెత్తిన పెట్టింది. ఒక్క మాటతో దాన్ని దింపగలిగినదాన్ని నేనే. నీళ్ళు తెస్తానని లేచి వంటింట్లోకి పోయాను, కుండ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఆ తర్వాత హాలుకు పోవడం మానేశాను. ఖాలా గల్లీ తప్పించి చుట్టూ తిరిగి పోయేదాన్ని. లడాయి అయిపోయింది, ఊళ్ళో ఎన్నో మారిపోయాయి, ఆమె మాత్రం అక్కడే ఉంది. ముత్యాలు గుచ్చడం కూడా మానేసిందట, చేతులు వణుకుతున్నాయని.

పోయిన చలికాలం ఆమెకు బాగా లేదని, నన్ను చూడాలంటోందని కబురు వచ్చింది. ఈసారి చెప్పేస్తానని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ పోయాను. మంచంలో చిక్కి ఇంత మనిషై పడుకుని ఉంది. ఆ బొమ్మ మళ్ళీ చెప్పమంది. మొదటినుంచీ చెప్పాను. కొండ, సముద్రం, ఇరుకు దారి. ఈసారి నిజంగానే చెప్పాను, కవచాల బరువు, దుమ్ము, పక్కవాడిని కాసే డాలు, బొమ్మ మింగేసిన ఆ ఇంకో ఊరివాళ్ళు, అన్నీ. ఆఖరి రోజు తెల్లవారింది. ఆమె కళ్ళు మూసుకుని, వచ్చిన్రు గదా, అంది.

వచ్చిన్రు, అన్నాను.

అది జాలి అని మీరు అనవచ్చు. నేనూ అనుకుని చూశాను. చనిపోయే మనిషికి నిజం ఎందుకు అని. కానీ ఆ నిజం ఆమెకు కావలసిందే కదా. ముడి సరిగ్గానే పడింది ఖాలా, వణికింది నీ చేయి కాదు, అబద్ధమాడింది నా నోరు, అని ఒక్కసారి విని పోయి ఉంటే ఆ నేరం ఆమెతో మట్టిలోకి పోయేది కాదు. నేను జాలి పడింది నామీద. మూడోరోజున ఆమె పోయింది. ఆడవాళ్ళ మధ్య కూర్చుని అందరితోపాటు ఏడ్చాను, అందులో ఎంత దొంగ ఏడుపో నాకు తెలియదు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. మీ దగ్గర అందుకు రాలేదు. మెట్లమీద ఆగిపోయిన కథ ఒకటి నా దగ్గర మిగిలిపోయింది, దాన్ని ఎవరికో ఒకరికి చివరిదాకా చెప్పాలి. ఆఖరి రోజు ఈటెలు విరిగిపోయాయి. కత్తులు పోయాక చేతులతో కొట్లాడారు, పళ్ళతో కొరికారు. ఆ పొద్దున ఆ కనుమలో చివరిదాకా నిలబడ్డవాళ్ళలో ఎవ్వరూ ఇంటికి రాలేదు ఖాలా.