రేణుక వయసు అడిగిన మనిషి

మొన్న రేణిగుంట స్టేషన్ ముందు ఒక పెద్దావిడ నా ఆటో ఎక్కింది. ఎక్కగానే ఆటో అంతా నీలగిరి తైలం వాసన. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది గానీ నోరు మాత్రం ఇప్పటికీ వదల్లేదు. ఎక్కిన ప్రతివాళ్ళతో వాగుతూనే ఉంటాను. ఆరోజు తిరుపతి దాకా ఒక్క మాట మాట్లాడలేకపోయాను. అది గ్రేసమ్మ వాసన. తలనొప్పి ఉన్నా లేకపోయినా కణతలకు ఆ తైలం పూసుకుని తిరిగేది. ఆమె పోయి రెండేళ్ళయింది.

గ్రేసమ్మది మా వీధిలో మూడో ఇల్లు. ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా పిలవకుండానే వచ్చేది, వచ్చాక తిట్టకుండా పోయేది కాదు. ఆమెను ఆటపట్టించే ధైర్యం వీధి మొత్తానికి నాకొక్కడికే ఉండేది. "సిస్టరమ్మా, ఎంతమందిని భూమ్మీదికి దించింటావు?" అని ఒకసారి అడిగాను. "లెక్క యాడుండాది రా! నీ మాదిరోళ్ళు వస్తారని తెలిసుంటే ఇద్దరు ముగ్గుర్ని మళ్ళా లోపలికే తోసుందును" అంది. నా మీద గెలిచిన మనిషి ఆమె ఒక్కతే.

పెళ్ళయిన ఆరేళ్ళకు నా భార్య రేణుక నెల తప్పింది. మూడో నెలలో తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటరుకు తీసుకుపోయాను. రక్తం తీశారు, స్కానింగ్ చేశారు, వారం తర్వాత రమ్మన్నారు. వెళితే డాక్టరమ్మ తల ఎత్తకుండా కాగితం మీద ఒక అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసింది. "డౌన్ సిండ్రోమ్. హై రిస్క్ వచ్చింది. ఉంచుకుంటారో లేదో ఇంట్లో మాట్లాడుకోండి, ఆలస్యం చేయకండి."

"అంటే ఏంది మేడమ్?"

"బిడ్డకు బుద్ధి ఎదగదు. బయట సిస్టర్ చెప్తుంది."

బయట సిస్టర్ "మేడమ్ చెప్పింది కదా" అని తర్వాతి పేరు పిలిచింది. అంతే. నా ఆటో టైరుకు పంచరు వేసే మనిషి కూడా మేకు ఎక్కడ దిగిందో నా వేలు పెట్టించి మరీ చూపిస్తాడు. నా బిడ్డకు ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

దారిలో రేణుక ఒకే మాట అడిగింది. "మావా, బిడ్డకు ఏమైందంట?" నాకేం తెలుసు? బుద్ధి ఎదగదన్నది ఒక్కటే చెవిలో మోగుతోంది. రెండు రోజులు ఆమె సరిగా తినలేదు. నేను సెంటరుకు ఫోన్ చేస్తే, కడుపు తీయించుకోవడానికి సోమవారం రమ్మన్నారు. "పోనీలే, మళ్ళీ పుట్టకపోతాదా" అని రేణుకతో అన్నాను. నేను జీవితంలో వేసిన కుళ్ళు జోకులన్నీ ఒక ఎత్తు, ఆ ఓదార్పు ఒక ఎత్తు. ఇప్పటికీ గుర్తొస్తే నన్ను నేనే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఆదివారం చర్చి నుంచి ఇంటికి పోతూ గ్రేసమ్మ మా గడప దగ్గర ఆగింది. "ఏమ్మే, కడుపుతో ఉండేదానివి, మొగం అట్ల పెట్టుకోని కూర్సున్నావే?" నేను కాగితం అందించబోయాను. ఆమె తీసుకోలేదు.

"కాగితం తర్వాత. డాక్టరు ఏం సెప్పిందో నువ్వు సెప్పు."

"బిడ్డకు బుద్ధి ఎదగదంట."

"ఎదగదని తేలిందా, అట్ల ఉండొచ్చునన్నిందా?"

"హై రిస్క్ అన్నింది."

"ఎంత?"

"హై."

"సినిమా టికెట్టు కూడా ఎంతని అడిగి కొంటావు కదరా, నీ బిడ్డ సంగతి అడగలేదా?" అని కాగితం లాక్కుని కళ్ళజోడు పెట్టుకుంది. "నూట అరవైలో ఒకటి. అంటే, తిరుమల కొండకు పొయ్యే బస్సులు మూడిట్ల నిండా ఇట్లాంటి కాగితమొచ్చిన ఆడోళ్ళు పోతాండారనుకో. అందర్లో ఒక్కతి బిడ్డకు ఆ జబ్బుంటాది. ఆ ఒక్కతివి నువ్వు కాదని నేను ఒట్టెయ్యలేను రేణుకా. తేల్చుకోవాలంటే ఉమ్మనీరు తీసి సూసే పరీక్ష ఏరే ఉండాది. ఇది తేల్చే కాగితం కాదు."

రేణుక ఏడవడం మొదలుపెట్టింది. గ్రేసమ్మ మాత్రం కాగితం పైభాగం దగ్గర ఆగిపోయింది. "ముప్పై ఆరని ఉండాదే! నీ వయసెంత మ్మా?"

"ఇరవై తొమ్మిది. ఆధార్‌లో తప్పు పడింది."

కార్వేటినగరం దగ్గర వాళ్ళ ఊరికి ఆధార్ క్యాంపు వచ్చినప్పుడు మా అత్త చేతికి దొరికింది పెద్దకూతురి బడి సర్టిఫికెట్ ఒక్కటే. ఆపరేటరు ఇద్దరికీ అదే తేదీ కొట్టేశాడు. ఏడేళ్ళ తేడాతో కవలల్ని కన్న తల్లి అని నేను మా అత్తను ఎన్నిసార్లు ఏడిపించానో! దిద్దించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. సెంటరు కౌంటరులో ఆ కార్డు ఇచ్చింది నేనే.

"ఒరే, తల్లి వయసును బట్టే ఈ లెక్క కడతారు! ఎదురుగ్గా ఉండే మనిషిని ఒక్క మాట అడిగినారా?" గ్రేసమ్మ కళ్ళజోడు తీసి రేణుక పక్కన కూర్చుంది. నెమ్మదిగా అంది. "నా వార్డులో ఒకామెకు ఇట్లే ఎక్కువన్నారు. రెండో పరీక్ష సెయ్యకుండానే తీసేసినారు. ఆమెకు ఎవురూ ఏమీ సెప్పలేదని నాకు తెలుసు. ట్రే పట్టుకోని నిలబడినాను. నేనూ సెప్పలే." తర్వాత నావైపు తిరిగింది. "ఉంచుకోమనను, తీసేయించుకోమనను. అది మీ ఇద్దరి ఇష్టం. తెలిసి సెయ్యండి."

సోమవారం ముగ్గురం వెళ్ళాం. ఈమె ఎవరని డాక్టరమ్మ అడిగింది. "నర్సును. ముప్పై ఏండ్లు డాక్టర్ల పక్కన నోరు మూసుకోని నిలబడినాను. ఈపొద్దు తెరస్తాను."

"ఆధార్‌లో ఉన్నదే మేం వేస్తాం. రోజుకు ఎంతమంది వస్తారో తెలుసా? అందరికీ కూర్చుని వివరించాలంటే..."

"అట్లయితే తక్కువమందిని సూడండి."

అత్తింట్లో వెతికించి తెప్పించిన రేణుక బడి సర్టిఫికెట్ పెట్టి మళ్ళీ లెక్క కట్టించాం. ఐదువందల పైచిలుకులో ఒకటి వచ్చింది. "లో రిస్క్. ఇక వెళ్ళొచ్చు" అంది డాక్టరమ్మ. క్షమించమని గానీ, పొరపాటని గానీ లేదు. నేను లేవబోతే గ్రేసమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "తక్కువంటే లేదని కాదు. అది కూడా మీ నోటితోనే సెప్పండి." చెప్పక తప్పలేదు. రేణుక తన సందేహాలన్నీ తనే అడిగింది, ఉమ్మనీరు పరీక్ష వద్దని తనే తేల్చుకుంది.

పాపకు ఇప్పుడు ఐదేళ్ళు. బాగుందా అని అడుగుతారు. బాగుంది, నా నోరే వచ్చింది. కానీ జబ్బుతో పుట్టినా నా కోపం ఇంతే ఉండేది. తెలుసుకుని వద్దనుకోవడం వేరు. మా చేతిలో పెట్టింది రెండు ఇంగ్లీషు మాటలు, ఒక ఎర్ర గీత. వాటితో ఒక ప్రాణం సంగతి తేల్చమన్నారు. గ్రేసమ్మ ఆరోజు వేరే దారిన ఇంటికి పోయుంటే తేల్చేసేవాళ్ళం కూడా.

పోయిన నెలలో ఒక జంట అలాంటి సెంటరు నుంచే వచ్చి నా ఆటో ఎక్కింది. అమ్మాయి ఏడుస్తోంది, అబ్బాయి చేతిలో కాగితం నలుగుతోంది. "డాక్టరు ఏం చెప్పినారప్పా?" అన్నాను. "ఏందో ఎక్కువంటన్నా" అన్నాడు. ఎంతో అతనికీ తెలియదు. నేను ఆటో ఆపేశాను. "మళ్ళీ పోయి అడుగుదాం, తోడు రమ్మంటావా?" అంటే అమ్మాయి తలూపింది.

లోపల డాక్టరు నా ఖాకీ చొక్కా చూసి మొహం చిట్లించాడు. "నువ్వెవరు?"

"ఆటో డ్రైవర్ని సార్."

"డ్రైవర్‌కు ఇక్కడేం పని?"

"వీళ్ళను ఇంటికాడ దించాల్సింది నేనే సార్. బిడ్డకు ఏముందో తెలీకుండా ఈ అమ్మాయిని ఆ ఇంట్లో ఎట్ల దించేది? సెప్పండి, ముగ్గురం ఇంటాం."