నలుగురిలో 'తెలియదు' అన్నాను

ఒకప్పుడు రేవులో మా తాతగారికి సరుకు పడవలు ఉండేవి. ఇప్పుడు నాకు మిగిలినవి అద్దె గది, ఇస్త్రీ చొక్కా, గుమాస్తా ఉద్యోగం. అయినా జాలరిపేటలో కొందరు ఏది కొనాలన్నా ఇంకా మా ఇంటి మాటే అడుగుతారు.

నేను క్రిప్టో కరెన్సీ గురించి చదువుతున్నానని తెలిసి, కిందటి వేసవిలో జాలరి ఎర్రయ్య బోటు ఇంజనుకు దాచిన డబ్బుతో ఒడ్డున నన్ను ఆపాడు.

"బాబుగోరూ, మా బామ్మర్ది ఏదో కాయిన్ కొనమంతన్నాడు. మీరు ఊఁ అంటే సాలు."

చుట్టూ జనం. రోజూ తెల్లవారుజామునే లేచి చదువుతున్నా, ఆ కాయిన్ సంగతి నాకు అంతుపట్టలేదు. మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అన్నాను.

"నాకు తెలియదు ఎర్రయ్యా. ఇంకా నేర్చుకుంటున్నాను."

"పెద్దింటి బాబుకే తెలీదంటేటి!" అని ఎవరో నవ్వారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

ఎర్రయ్య భార్య చేపల తట్ట దించింది. "రోజూ సదివే బాబుకే తెలీదు. నిన్న యిన్న మా తమ్ముడికి తెలిసిపోనాదేటి? ఇంజనే కొను మావా."

ఇంజనే కొన్నారు.

చదువు సాగుతూనే ఉంది. చదవడం కన్నా, అర్థం కానిది కొనకుండా చేతులు కట్టుకుని ఉండటమే ఎక్కువ అలసట. ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. చాలాసార్లు తెలియదనే చెబుతాను, తల దించుకోకుండా.